మడత పలక

7 ఫిబ్రవరి, శనివారం

ఎడ్విన్ ఈ రోజు మిషను ఇచ్చాడు. ఇతను నెల్లూరి నుంచి శనివారం శనివారం ఆత్మకూరు క్లినిక్కుకు వచ్చి, మాట పోయిన వాళ్లకు మాట నేర్పుతాడు. మిషను రెండు వారాలు మా దగ్గర ఉంచుకోవచ్చు. ఇరవై ఒకటో తేదీన తిరిగి అతని బల్ల మీద పెట్టి, పనికొస్తుందో రాదో చెప్పాలి. పనికొస్తే అలాంటిదే ఒకటి కొనుక్కోవాలి.

"పనికిరాకపోతే?" అని అడిగాను.

"అప్పుడు ఆయన్ను ఇంక విసిగించకుండా వదిలేద్దాం మేడమ్" అన్నాడు. వదిలేద్దాం అన్న మాటను చాలా మెల్లగా అన్నాడు. మంచి పిల్లవాడే.

కార్తీక మాసంలో మా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ ఒకే ఉదయం పోయాయి. కాలు కొంత తిరిగి వచ్చింది. మాట రాలేదు. ఆర్టీసీలో కండక్టరుగా ఉద్యోగమంతా అరిచిన గొంతు అది. మనం చెప్పేది ఆయనకు అర్థమవుతోందా లేదా అన్నది కూడా ఇంతవరకు తేలలేదు. అవుతోందని ఎడ్విన్ అనుమానం. ఏమీ కావడం లేదని మా అబ్బాయి రాజమోహన్ నమ్మకం. నేను ఏ పక్షమూ కాదు. పరీక్ష పెట్టకుండా ఫలితం చెప్పడం నాకు అలవాటు లేదు.

మిషను చూడడానికి మామూలు ల్యాప్‌టాపే. కానీ మూత వెనక్కి, ఇంకా వెనక్కి, పూర్తిగా వెనక్కి మడిస్తే పలక అవుతుంది. వేలితో తాకితే పనిచేస్తుంది. అందులో బొమ్మలు పెట్టుకోవాలి. ఆయన ఎడమ చేతితో బొమ్మను తాకితే మిషను ఆ మాట పలుకుతుంది. నీళ్ల బొమ్మ తాకితే నీళ్లు అంటుంది.

రోజూ నింపడానికి ఎడ్విన్ ఒక ఫారం ఇచ్చాడు. ఏ బొమ్మ తాకారు, ఎన్నిసార్లు, జవాబు సరైనదా కాదా. పైన పేషెంటు పేరు రాయాలి. మనవరాలు నవ్యశ్రీని పిలిచి రాయమన్నాను.

"పెన్ను నీ చేతిలోనే ఉండాది గదవ్వా, నువ్వే రాయొచ్చు గదా!"

"రాయమంటే రాయి."

రాసింది. మిగతా గడులన్నీ నేనే నింపాను.

8 ఫిబ్రవరి, ఆదివారం

బొమ్మల పని పూర్తయింది. నీళ్లు, కాఫీ, అన్నం, మాత్ర, ఫ్యాను, బాత్‌రూం, నొప్పి. కింద వరుసలో ఇంట్లో వాళ్ల ఫోటోలు. రాజమోహన్, కోడలు, నవ్య, కావలిలో ఉన్న మా పెద్దబిడ్డ సుధారాణి, నేను. నా ఫోటో పదవీ విరమణ రోజున శాలువాతో తీసినది. ముఖం స్పష్టంగా ఉందని అదే పెట్టమన్నాను.

"నీ ఫోటో తాకితే ఏమని పలకాలవ్వా?"

"సుబ్బరత్నమ్మ అని."

నవ్య నవ్వింది. "తాత నిన్ను సుబ్బరత్నమ్మా అని పిలిచేవాడా?"

"రికార్డులో ఉండేది అదే."

"రికార్డు సంగతి కాదవ్వా. తాత ఏమని పిలిచేవాడు?"

"ముందు పని చూడు" అన్నాను.

9 ఫిబ్రవరి, సోమవారం

మిషను గుణదోషాలు.

బరువు ఎక్కువ. ఒళ్లో పెడితే కాసేపటికే ఆయన ఎడమ తొడ మీద ఎర్రగా అచ్చు పడింది. పలకగా మడిచినప్పుడు అక్షరాల మీటలు అడుగున పడతాయి. అవి పనిచేయవని నవ్య చెప్పింది. పనిచేయకపోయినా వేళ్లకు తగులుతూనే ఉంటాయి. ఆయన వేళ్లు బొమ్మలను వదిలేసి అడుగున ఆ మీటలను తడుముకుంటూ ఉండిపోయాయి. కొంచెం వంచితే చాలు, బొమ్మలన్నీ వాటంతటవే అడ్డం తిరుగుతాయి. ఉన్నట్టుండి నీళ్ల స్థానంలో నొప్పి ఉంటుంది. మాట రాని మనిషికి ఇచ్చే వస్తువు ఇలా ఉండకూడదు. తిరగకుండా ఆపే ఏర్పాటు ఒకటి ఉందట. నవ్య ఆపింది.

కిటికీ వెలుతురులో అద్దంలాగా మన ముఖమే కనిపిస్తుంది. కిటికీకి దుప్పటి కట్టాను.

సగం మడిచి గుడారంలాగా బల్ల మీద నిలబెట్టవచ్చు. ఇది ఒక్కటి బాగుంది. చేత్తో పట్టుకునే పని లేదు.

గొంతు బాగాలేదు. రైల్వే స్టేషనులో చెప్పే ఆడమనిషి గొంతు. తెలుగు మాటను తెలుగు తెలియని వాళ్లు చదివినట్టుంటుంది.

పదికి నాలుగు మార్కులు.

ఆయన ఈ రోజు ఏమీ తాకలేదు.

10 ఫిబ్రవరి, మంగళవారం

ఏమీ తాకలేదు.

11 ఫిబ్రవరి, బుధవారం

తాకారు.

నేను వంటింట్లో ఉన్నాను. "సుధా రాణి" అని మిషను రెండు ముక్కలుగా పలికింది. నవ్య కేకలు వేసుకుంటూ వచ్చింది. "అవ్వా! తాత అత్త కావాలంటాండాడు!" నేను వచ్చేసరికి ఆయన మళ్లీ తాకారు. పొరపాటున తగిలిన వేలు కాదు. చూపుడు వేలు చాచి, బొమ్మ మీద ఆనించి, గట్టిగా.

రాజమోహన్ తన బోరు మోటార్ల షాపులో గిరాకీ వదిలేసి మరీ వచ్చాడు. వెంటనే వాళ్లక్కకు ఫోన్ చేశాడు. "అక్కా, నాయన నిన్ను అడగతాండాడు. రేపే రా." బ్యాంకులో ఆడిట్ జరుగుతోందని, మంగళవారం తప్పకుండా వస్తానని సుధ అంది. నాతో మాట్లాడతానని అనలేదు. ఇవ్వమని నేనూ అడగలేదు. మొన్న దీపావళికి నేను అన్న మాటలు ఇంకా మనసులో ఉన్నట్టున్నాయి. ఇల్లు కట్టడానికి తాహతుకు మించి లోను తీసుకుందని అన్నాను. అన్నది నిజమే.

ఫారంలో రాశాను. బొమ్మ సుధారాణి. నాలుగు సార్లు. జవాబు సరైనదే, కూతురిని తలచుకుంటున్నారు.

12 ఫిబ్రవరి, గురువారం

సుధారాణి బొమ్మ తప్ప వేరేది తాకడం లేదు. నీళ్లు మనమే ఇస్తున్నాం, తాగుతున్నారు. మాత్ర ఇస్తే మింగుతున్నారు. ఆకలి, దాహం ఉన్న మనిషే. అడగరు.

ఇంకొక విషయం గమనించాను. బొమ్మ తాకిన తర్వాత ఆయన మిషను వైపు చూడరు. వంటింటి గుమ్మం వైపు చూస్తారు. ధ్యాస నిలవడం లేదు.

నా ఫోటోను ఇంతవరకు ఒక్కసారి కూడా తాకలేదు. పక్క గడిలోనే ఉంది. ఇది ఫిర్యాదు కాదు. మూల్యాంకనంలో అన్నీ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

13 ఫిబ్రవరి, శుక్రవారం

నేను ఆయన పక్కనే కుర్చీలో కూర్చుని మధ్యాహ్నమంతా చూశాను. ఏమీ తాకలేదు. నా చెయ్యి పట్టుకుని నిద్రపోయారు. పప్పు మాడుతుందేమోనని లేచి వెళ్లాను. వెళ్లగానే "సుధా రాణి".

నేను పక్కన ఉన్నంతసేపు ఎవరూ అవసరం లేదు. అటు వెళ్లగానే కూతురు కావాలి. నాకు ఇందులో బాధ ఏమీ లేదు. తండ్రికి కూతురి మీద ప్రేమ ఉండడం మంచి విషయమే.

14 ఫిబ్రవరి, శనివారం

ఎడ్విన్ పరీక్ష పెట్టాడు. క్లినిక్కులో మిషనును గుడారంలా నిలబెట్టి ఆయన ముందు కూర్చున్నాడు. నవ్య, నేను వెనక నిలబడ్డాం.

"సార్, మీ భార్య ఎవరో చూపించండి."

ఆయన తల తిప్పి నా వైపు చూశారు. తర్వాత మిషను వైపు తిరిగి వేలు చాచారు. సుధారాణి.

"మీ కోడలు ఎవరు సార్?"

మళ్లీ నా వైపు చూశారు. సుధారాణి.

"దాహమైతే ఏది తాకాలి?"

సుధారాణి.

ఎడ్విన్ కాగితం మీద అడ్డగీతలు పెట్టాడు. నేను మార్కులు వేసేటప్పుడు ఆ గీతను ఎంత తేలిగ్గా వేసేదాన్నో గుర్తొచ్చింది. బయటికి వచ్చాక నాతో విడిగా చెప్పాడు.

"మేడమ్, మెదడుకు దెబ్బ తగిలిన వాళ్లలో ఇది మామూలే. ఒక బొమ్మను పట్టుకుంటే అదే తాకుతా ఉంటారు. అర్థమై తాకడం కాదు."

"మరి నా వైపు చూశారు గదా?"

"మీరు తెలిసిన మనిషి కాబట్టి చూస్తారు మేడమ్."

తెలిసిన మనిషిని.

పాత ఫోటోలు పెట్టి చూడమన్నాడు. ఇప్పటి ముఖాలు గుర్తు లేకపోయినా వయసులో ఉన్నప్పటివి గుర్తుండవచ్చట. ఇంకొక వారం ఉంది.

15 ఫిబ్రవరి, ఆదివారం

శివరాత్రి. ఉపవాసం ఉన్నాను. ఆయన కాఫీ కూడా అడగలేదు. ఒకప్పుడు పండుగ లేదు, పబ్బం లేదు, పొద్దున లేవగానే కాఫీ చేతిలో పడకపోతే ఇల్లు ఎగిరిపోయేది.

16 ఫిబ్రవరి, సోమవారం

ఉదయగిరికి వెళ్లి పాత ఆల్బం తెచ్చాను. ఆయన్ను కోడలికి అప్పజెప్పి పొద్దున బస్సెక్కాను. ఆడవాళ్లకు ఇప్పుడు బస్సు ఉచితం, సున్నా టికెట్టు ఇస్తారు. కండక్టరు అమ్మాయి నాకు టికెట్టు ఇవ్వకుండానే ముందుకు పోబోయింది. అడిగి తీసుకున్నాను. "సున్నాయే గదమ్మా" అంది. సున్నా అయినా టికెట్టు టికెట్టే. కండక్టరు భార్యను, నాకు తెలియదా?

ఉదయగిరి దుర్గం కొండ కనిపించగానే ఎందుకో లేచి నిలబడ్డాను, స్టాపు ఇంకా రాకముందే.

మేము ఆత్మకూరుకు అబ్బాయి దగ్గరికి వచ్చేశాక, ఉదయగిరిలో మా ఇంట్లో నర్సు రెబెకమ్మ అద్దెకు ఉంటోంది. మా ట్రంకుపెట్టె వెనక గదిలో పెట్టుకోనిచ్చింది. టీ ఇచ్చి కూర్చోబెట్టింది.

"సార్‌కు ఇంకా మాట రాలేదంటగదమ్మా. ఈ వీధిలో అందరూ అడగతారు. బస్సు ఇంకా మలుపులో ఉండగానే సార్ గొంతు ఈడికి వినపడేదంట గదా!"

"గట్టి గొంతే" అన్నాను.

అరుగు మీద కాసేపు కూర్చున్నాను. ఇంటి ముందు నుంచే రోడ్డు. సీతారామపురం బస్సు పోయింది. ఆగలేదు. ఆగవలసిన పని కూడా లేదు.

ఆల్బంలో సుధ గౌనులో ఉన్న ఫోటో ఉంది. నాది పెళ్లయిన కొత్తలో తీయించినది ఒకటి ఉంది. ఇంకొకటి, సుధ చంటిపిల్లగా నా ఒళ్లో ఉండగా ఇదే అరుగు మీద తీసినది. అది ఆయనకు ఇష్టమైన ఫోటో. చాలా ఏళ్లు టికెట్ల సంచీలో పెట్టుకుని తిరిగారు. కానీ మేమిద్దరం ఉన్న ఫోటో పరీక్షకు పనికిరాదు. ప్రశ్నకు జవాబు ఒకటే ఉండాలి. విడివిడి ఫోటోలే నవ్యకు ఇచ్చాను.

17 ఫిబ్రవరి, మంగళవారం

సుధ వచ్చింది.

గుమ్మంలో చూడగానే ఆయన ముఖం విప్పారింది. నోరు తెరిచారు. గాలి తప్ప శబ్దం రాలేదు. ఎడమ చెయ్యి చాచి సుధ తల మీద పెట్టారు. సుధ కింద కూర్చుని ఆయన మోకాలి మీద ముఖం పెట్టుకుని ఏడ్చింది. నేను వంటింట్లోకి వచ్చి ఎసరు పెట్టాను.

బియ్యం కడుగుతుండగా వినబడింది. "సుధా రాణి."

"నాయనా, నేను ఈడనే ఉండా గదా. నీ ముందరే ఉండా. ఏం కావాలి చెప్పు?"

"సుధా రాణి."

"ఇట్లా చూడు నాయనా. ఇదిగో, నేనే."

వెళ్లి చూశాను. సుధ రెండు చేతులతో ఆయన ముఖం పట్టుకుని తన వైపు తిప్పుకుంటోంది. ఆయన మాత్రం తల పక్కకు తిప్పి సుధ భుజం మీదుగా చూస్తున్నారు. నన్ను చూడగానే చెయ్యి దించేశారు.

భోజనాల దగ్గర సుధ నాతో మాట్లాడింది, వచ్చాక మొదటిసారి.

"అమ్మా, నాయనకు నేనెవరో తెలీదు. బొమ్మ తాకతాడు గానీ ఆ బొమ్మ నేనని తెలీదు."

"నిన్ను చూసి నవ్వినారు గదా."

"ఎవురొచ్చినా నవ్వతాడేమో! నన్ను పాపా అని తప్ప పిలవని మనిషి. ఎదురుగా కూర్చున్నా ఆ మిషను చేత పేరు చెప్పిస్తాండాడు, పరాయిదాన్ని పిలిచినట్టు."

ఫారంలో రాశాను. కూతురు ఎదురుగా ఉండగా కూతురినే అడగడం. తప్పు.

18 ఫిబ్రవరి, బుధవారం

సుధ పొద్దున బస్సుకు వెళ్లిపోయింది. రెండు రోజులు ఉండాలని సెలవు పెట్టి వచ్చింది. ఉండలేనంది. వెళ్తూ నా కాళ్లకు దణ్ణం పెట్టింది. ఇల్లు ఎంతవరకు వచ్చిందని అడగాలనుకున్నాను. ఆటో వచ్చేసింది.

పాత ఫోటోలతో కూడా అదే ఫలితం. గౌను వేసుకున్న సుధను తాకుతున్నారు. కొత్త పెళ్లికూతురిగా ఉన్న నన్ను తాకలేదు.

రాజమోహన్ తేల్చేశాడు. "అమ్మా, శనివారం మిషను తిరిగి ఇచ్చేద్దాం. నాయనను రోజూ పరీక్షలు పెట్టి బాధపెట్టేది నాకు ఇష్టం లేదు. తిండి పెడదాం, మాత్రలు ఇద్దాం, శుభ్రంగా చూసుకుందాం. మాటలతో ఏం పని?"

మాటలతో ఏం పని అని మా అబ్బాయి నన్ను అడిగాడు. ఫారంలో ఆఖరి గడి ఒకటి ఉంది. పరికరం తీసుకుంటారా, తీసుకోరా? పెన్సిలుతో 'తీసుకోము' అని రాసి పెట్టాను. శనివారం పెన్నుతో దిద్దుతాను.

19 ఫిబ్రవరి, గురువారం

సాయంత్రం రాజమోహన్‌కు ఆ మిషను గొంతు మీద కోపం వచ్చింది. "సుధా రాణి, సుధా రాణి అని ఆ రైల్వే స్టేషనామె అరుపులు వినలేకుండా ఉండా. ఇంకా రెండు రోజులే అయినా సరే, గొంతు మార్చు నవ్యా" అన్నాడు.

"మన గొంతు రికార్డు చేసుకోవచ్చు నాయనా. నువ్వు చెప్పు, నేను నొక్కతా."

తండ్రీకూతుళ్లు ముందు గదిలో కూర్చుని ఒక్కొక్క మాట రికార్డు చేశారు. నీళ్లు, కాఫీ, అన్నం. నేను తులసి దగ్గర దీపం పెడుతూ విన్నాను. సుధ బొమ్మ దగ్గరికి వచ్చేసరికి రాజమోహన్ ఆగిపోయాడు.

"అక్కను పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదే."

"అక్కా అను మరి."

"తాతకు అక్క ఎట్లా అవతాది పిచ్చిదానా!"

నవ్వుకున్నారు. ఇంట్లో నవ్వు విని చాలా రోజులైంది. తర్వాత ఏమి రికార్డు చేశాడో నేను వినలేదు. పూజలో ఉన్నాను.

20 ఫిబ్రవరి, శుక్రవారం

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

ఉదయం. అందరూ పనుల మీద వెళ్లిపోయారు. ముందు గదిలో ఆయన, బల్ల మీద మిషను. నేను వంటింట్లో రసానికి చింతపండు పిసుకుతున్నాను. మనసులో ఏమీ లేదు. రేపటి క్లినిక్కు గురించి కూడా ఆలోచించడం లేదు.

"సుధా... ఓ సుధా!"

"ఆఁ, వస్తాండా" అన్నాను.

అని, చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ గబగబా వచ్చాను. గడప దగ్గరికి వచ్చాక కాళ్లు ఆగిపోయాయి.

సుధా అని పిలిస్తే నేనెందుకు పలికాను?

ఆయన వేలు ఇంకా బొమ్మ మీదే ఉంది. చూపు గుమ్మం మీద ఉంది. గుమ్మంలో నేనున్నాను. ఆ చూపు దారి తప్పినది కాదు. ఇన్ని రోజులూ వంటింటి గుమ్మం వైపు చూస్తున్నారని నా చేత్తో నేనే రాశాను. ఆ గుమ్మంలోకి ఎవరు రావాలో మాత్రం రాయలేదు.

ఆయన వేలు పైకి జరిగింది. పై వరుసలో కాఫీ మీద ఆగింది.

"కాఫీ" అంది మిషను, మా అబ్బాయి గొంతుతో.

రెండు వారాలలో ఆ బొమ్మ పలకడం అదే మొదటిసారి. ముందు పిలిచి, మనిషి వచ్చాక, ఏం కావాలో చెప్పారు. జీవితమంతా చేసినట్టే. మేము పిలుపు దగ్గరే ఆగిపోయి కావలికి ఫోన్లు చేశాం. పిలిచిన మనిషి రాకపోతే కాఫీ ఎవరిని అడుగుతారు?

మా ఇళ్లలో పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు. బిడ్డ పేరు పెట్టి కేకేస్తే తల్లి పలుకుతుంది. సుధకు ఇంకా పళ్లు కూడా రానప్పటి నుంచి అదే పిలుపు. సీతారామపురం బస్సు మలుపులో ఉండగానే ఫుట్‌బోర్డు మీద నిలబడి "సుధా... ఓ సుధా!" అని కేకేసేవారు. నేను క్యారియరుతో అరుగు దిగేదాన్ని. సుధ ఉయ్యాలలో నిద్రపోతూ ఉండేది. ఆ పిల్ల బడికి పోయినా, పెళ్లయి పోయినా, పిలుపు మారలేదు. ఆ పిల్లను మాత్రం ఆయన ఎప్పుడూ పాపా అనే పిలిచారు. నేను హెడ్‌మిస్ట్రెస్ అయ్యాక కూడా బడి గేటు ముందు బస్సు ఆపి ఆయన అదే కేక వేస్తే, పదో తరగతి పిల్లలు కిటికీల్లోంచి చూసి నవ్వేవాళ్లు. వాళ్లను కసిరి, వెళ్లి పలికేదాన్ని.

ఇదంతా నాకు తెలియనిది కాదు. ఆ ఆడమనిషి గొంతు 'సుధా రాణి' అన్నప్పుడు తట్టలేదు. రాజమోహన్ నిన్న వాళ్లక్క పేరు పలకలేక, ఆ పేరు తాను పుట్టినప్పటి నుంచి ఇంట్లో ఎలా విన్నాడో అలాగే పలికాడు. వాళ్ల నాయన కేకను రికార్డు చేశాడు.

కాఫీ ఇచ్చాను. తాగారు. మూతి తుడిచాను.

ఒక్కసారి జరిగితే అది రుజువు కాదు. మళ్లీ వంటింట్లోకి వెళ్లి పొయ్యి దగ్గర నిలబడ్డాను. పని ఏమీ చేయలేదు. చెవులు అటే.

"సుధా... ఓ సుధా!"

"వస్తాండా."

వచ్చాను. ఫ్యాను బొమ్మ తాకారు. ఫ్యాను వేశాను.

ఇంకోసారి వెళ్లాను. ఇంకోసారి పిలిచారు. వచ్చి "ఏం కావాలి?" అన్నాను. బొమ్మలన్నీ ఒకసారి చూశారు. ఏదీ తాకలేదు. ఎడమ చెయ్యి ఎత్తి పక్కనున్న కుర్చీ చూపించారు. దానికి మేము బొమ్మ పెట్టలేదు.

కూర్చున్నాను.

రసం ఆ పూట కాలేదు. పెరుగు వేసి అన్నం పెట్టాను.

సాయంత్రం నవ్య వస్తే బొమ్మలు మార్పించాను. సుధ ఫోటో ఉన్న చోట నా ఫోటో పెట్టించాను. తాకితే రాజమోహన్ నిన్న వేసిన కేకే వినబడాలి. సుధ ఫోటోకు 'పాపా' అని రికార్డు చేయించాను. విషయం నవ్యకు చెప్పాను. విని అంది, "చిన్నప్పుడు ఉదయగిరి వచ్చినప్పుడు తాత అట్లా కేకేస్తే, అత్తను తలచుకుంటాండాడు పాపం అనుకునేదాన్ని అవ్వా. నువ్వు పలికేది ఎప్పుడూ గమనించలేదు."

నేనూ గమనించలేదు.

సుధకు నేనే ఫోన్ చేశాను. అంతా విని నవ్వింది. "నలభై ఏండ్లు నా పేరు నువ్వు వాడుకున్నావన్నమాట."

"పాపా అని మీ తమ్ముడి చేత రికార్డు చేయించినాను. రేపు నాయన చేత తాకిస్తాను, విను."

"వాడు నన్ను పాపా అంటే నాకు నవ్వొస్తాదమ్మా."

"నవ్వినా ఫరవాలేదు." కాస్త ఆగి, "ఇల్లు ఎంతవరకు వచ్చింది?" అన్నాను.

"శ్లాబు అయింది. నువ్వొచ్చి చూడు."

వస్తానన్నాను.

21 ఫిబ్రవరి, శనివారం

ఎడ్విన్ నేను చెప్పింది శ్రద్ధగా విన్నాడు. నమ్మేశానని అనలేదు. అలా అననందుకు అతని మీద గౌరవం పెరిగింది.

"మేడమ్, నా అనుమానం ఒక్కటే. ఆయన బొమ్మను కాకుండా ఆ చోటును తాకతా ఉండొచ్చు. చోటు మారిస్తే తెలిసిపోతుంది."

"మార్చండి" అన్నాను.

బొమ్మలన్నీ కలిపేశాడు. నా ఫోటో పై వరుసలో ఒక మూలకు పోయింది. పాత చోట ఫ్యాను వచ్చింది. నన్ను ఆయన కంటికి కనబడకుండా తలుపు బయట నిలబడమన్నాడు. పరీక్షల గది బయట నేను నిలబడడం ఇదే మొదటిసారి. ఎప్పుడూ లోపల ఉండేదాన్ని. రాజమోహన్ షాపు మూసి మరీ వచ్చాడు. నా పక్కనే నిలబడి గోడకు ఆనుకున్నాడు.

"సార్, మేడమ్ ఈడ లేరు. మీరే పిలవండి."

ఏమీ వినబడలేదు. బయట ఆటో స్టార్టు చేస్తున్నారు. ఆ చప్పుడుకు నాకు కోపం వచ్చింది. ఇంకా ఏమీ లేదు. రాజమోహన్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఫ్యాను" అంది మిషను.

రాజమోహన్ కళ్లు మూసుకున్నాడు. పాత చోటే తాకారు. ఎడ్విన్ అన్నదే నిజమని అనుకున్నాను. ఆ క్షణంలో నాకు ఎడ్విన్ మీద కోపం లేదు, ఆయన మీద లేదు.

లోపల కుర్చీ కిర్రుమంది. ఆయన ముందుకు వంగి ఉంటారు. నేను చూడలేదు. నవ్య తర్వాత చెప్పింది. అది కాదన్నట్టు ఎడమ చెయ్యి విదిలించి, వేలిని ఒక్కొక్క బొమ్మ మీదుగా గాలిలో నడిపించుకుంటూ, తాకకుండా, వరుస అంతా వెతికారట. టికెట్ల లెక్క చూసుకునేటప్పుడు వేలిని అలాగే నడిపించేవారు.

"సుధా... ఓ సుధా!"

"వస్తాండా!" అన్నాను. క్లినిక్కంతా వినబడింది. వరండాలో కూర్చున్న వాళ్లు తిరిగి చూశారు.

లోపలికి వెళ్లేసరికి ఎడ్విన్ తన పాత కాగితం తీసి, పోయిన వారం పెట్టిన అడ్డగీతల్లో మొదటి దాన్ని కొట్టేస్తున్నాడు. మీ భార్య ఎవరు అన్న ప్రశ్న. ఆయన ఆ రోజు నా వైపు చూసి, నన్ను ఏమని పిలుస్తారో ఆ జవాబే చెప్పారు. ప్రశ్న వేసిన అతనికీ తెలియలేదు, వెనక నిలబడ్డ నాకూ తెలియలేదు.

ఆయన నన్ను చూసి ఇంటికి పోదామన్నట్టు తలుపు వైపు చెయ్యి ఊపారు. పరీక్ష ముగిసిందన్న సంగతి ఆయనకు మా కంటే ముందే తెలిసింది.

ఫారం ఆఖరి గడి. బరువు ఎక్కువ. ఎండలో కనబడదు. అడుగున మీటలు అడ్డం. దాని సొంత గొంతుకు మార్కులు లేవు. అన్నీ కలిపి పదికి ఐదు. అంతకు మించి ఇవ్వలేను. పెన్సిలు రాతను రబ్బరుతో తుడిచి, పెన్నుతో 'తీసుకుంటాము' అని రాశాను.

కొత్తది వచ్చేదాకా ఇదే ఉంచుకోమన్నాడు ఎడ్విన్.

22 ఫిబ్రవరి, ఆదివారం

కుర్చీ బొమ్మ పెట్టించాను. 'కూర్చో' అని పలుకుతుంది.

ఈ రోజు ఆయన ఎన్నిసార్లు పిలిచారో లెక్క రాయలేదు.